ఎనిమిది ఎక్కడికి పోయింది?

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఈమధ్య ఒక సరదా లెక్క నేర్చుకొచ్చింది. "నీకిష్టమైన అంకె చెప్పు నాన్నా" అంది. 7 అన్నాను. దాన్ని 9తో గుణించి, వచ్చిన 63తో 12345679ని గుణించమంది. 777777777 వచ్చింది. భలే ఉందే అనుకునేలోపే "మరి ఇందులో 8 ఎందుకు లేదు?" అని అడిగింది. తెలియదని చెప్పడానికి నామోషీగా అనిపించి, "అది ప్రధాన సంఖ్య కదా, అందుకని" అని నోటికొచ్చింది చెప్పేశాను. ఆ రాత్రి కూర్చుని 2 నుంచి 31 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితోనూ భాగించి చూశాను. దేంతోనూ పోలేదు. హమ్మయ్య అనుకున్నాను. మర్నాడు అమ్మాయి ఒక యాప్‌లో ఆ సంఖ్య కొట్టి నా ముందు పెట్టింది. కాంపోజిట్, సెమీప్రైమ్, స్క్వేర్‌ఫ్రీ, డెఫిషియెంట్, హర్షద్, ఓడియస్ అని వరసగా పేర్లు. చివర్లో "హ్యాపీ కాదు" అని కూడా ఉంది. "ప్రధాన సంఖ్య కాదట నాన్నా" అని ఒకటే నవ్వు. ఆ 8 సంగతేమిటి? ఎంతదాకా భాగించి చూస్తే చాలు? ఇన్ని పేర్లలో పిల్లకి చెప్పదగ్గవి ఏవి?

సమాధానం: 31 దగ్గర ఆగిపోయారు చూశారూ, అది చదివి నిజంగా అయ్యో అనుకున్నాను. ఆ తర్వాతి ప్రధాన సంఖ్య 37. ఇంకొక్క భాగహారం చేసి ఉంటే ఆ రాత్రే దొరికిపోయేది: 12345679 = 37 × 333667. దాని సంగతికి తర్వాత వస్తాను. ముందు మీ అమ్మాయి అడిగింది చూద్దాం, ఎందుకంటే ఉత్తరం మొత్తంలో అసలైన ప్రశ్న ఆ పిల్లదే.

63 అంటే 7 × 9 కదా. 12345679ని 9తో గుణిస్తే తొమ్మిది ఒకట్లు వస్తాయి, వాటిని 7తో గుణిస్తే మీ ఏడులొచ్చాయి. కాబట్టి కాగితం తీసుకుని 12345679ని 9తో చేత్తో గుణించండి. యాప్ వద్దు. తొమ్మిది తొమ్మిదులు ఎనభై ఒకటి. 1 వేసి, 8 చేతిలో ఉంచుకోండి. ఇప్పుడు పక్క అంకె. జవాబులో అన్నీ ఒకట్లే రావాలంటే, ఆ అంకెని 9తో గుణించి చేతిలోని 8 కలిపితే చివర 1 రావాలి. అంటే 9తో గుణించినప్పుడు చివర 3 రావాలి. తొమ్మిదో ఎక్కంలో చివర 3 వచ్చేది ఒక్కచోటే, తొమ్మిదేడులు అరవై మూడు. కాబట్టి అక్కడ 7 తప్ప ఇంకో అంకె కూర్చోలేదు. 63, 8 కలిపితే 71. 1 వేస్తే చేతిలో 7. తర్వాత 6: 54, 7 కలిపి 61. తర్వాత 5: 45, 6 కలిపి 51. చేతిలో మిగిలేది 8, 7, 6, 5 అంటూ ఒక్కో మెట్టే దిగుతూ పోతుంది, కింద ఒకట్లు పడుతూ పోతాయి.

అక్కడ 8 ఉండి ఉంటే? తొమ్మిది ఎనిమిదులు డెబ్భై రెండు, చేతిలోని 8 కలిపితే 80. కింద 0 పడుతుంది. 123456789 × 9 = 1111111101. ఆ సున్నా నాకు బాగా గుర్తు. చాలా ఏళ్ల కిందట ఒక పత్రికకి ఈ సంఖ్య మీద చిన్న వ్యాసం రాసి పంపాను. ప్రూఫులు దిద్దినాయన నేను 8 మరిచిపోయాననుకుని, పాపం మంచి మనసుతోనే, వ్యాసమంతటా చేర్చేశారు. అచ్చయ్యాక పాఠకులు గుణించి చూసుకుని, ఆ సున్నా ఎక్కడిదని నన్ను అడిగారు.

ఇదే సంగతిని ఇంకో వైపు నుంచి చూస్తే ఇంకా బాగుంటుంది. 1ని 81తో భాగించండి, దశాంశాల్లోకి. ముందు 10, అందులో 81 పోదు, 0 వేయాలి. 100లో ఒకసారి పోతుంది, శేషం 19. 190లో రెండుసార్లు, శేషం 28. 280లో మూడు, శేషం 37. 370లో నాలుగు, 46. 460లో అయిదు, 55. 550లో ఆరు, 64. 640లో ఏడు, 73. శేషాల్ని ఒకసారి పైనుంచి కిందికి చదవండి: 10, 19, 28, 37, 46, 55, 64, 73. ప్రతిసారీ తొమ్మిదేసి పెరుగుతోంది. తర్వాత రావలసింది 82. కానీ 81తో భాగించేటప్పుడు శేషం 82 ఉండకూడదు కదా. 730లో ఎనిమిదిసార్లు తీస్తే మిగిలేది సరిగ్గా ఆ 82, అందులో ఇంకోసారి పోతుంది. అందుకని 8 వేయబోయి 9 వేస్తాం, శేషం 1. మొదలుపెట్టిన 1కే తిరిగొచ్చాం కాబట్టి ఇక అంతా పునరావృతమే: 1/81 = 0.012345679012345679... ఎనిమిది ఎక్కడికీ పోలేదు, 9గా మారింది. మీ అమ్మాయి ముందు ఈ భాగహారం చేస్తూ 730 దగ్గర ఆగండి. ఆ పిల్లే చెబుతుంది.

ఇక మీ రాత్రి లెక్క. మీరు చేసిన పద్ధతి తప్పు కాదు, ఆపిన చోటు తప్పు. ఒక సంఖ్య రెండు సంఖ్యల లబ్ధమైతే ఆ రెండిట్లో చిన్నది దాని వర్గమూలాన్ని దాటదు. 3513 వర్గం 12341169, 3514 వర్గం 12348196. మన సంఖ్య ఈ రెంటి మధ్యా ఉంది. అంటే 3513 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితోనూ చూస్తేనే "ప్రధాన సంఖ్య" అని ధీమాగా అనగలం. అవి 490 ఉన్నాయి. మీరు చూసినవి 11. పన్నెండోదే 37.

అయితే 37 విషయంలో భాగహారం కూడా అక్కర్లేదు. 999 అంటే 27 × 37. కాబట్టి సంఖ్యని కుడి నుంచి మూడేసి అంకెలుగా విడదీసి కలుపుకుంటే చాలు, 9కి మనం అంకెల మొత్తం చూసుకున్నట్టే. 12, 345, 679 కలిపితే 1036. మళ్లీ 1, 36 కలిపితే 37. పోయింది. బడిలో 2, 3, 5, 9, 11ల భాజనీయతా సూత్రాలు నేర్పి ఆపేస్తారుగానీ ఇది నేర్పరు. నేర్పితే పిల్లలకి ఎంతో నచ్చేది.

మరి 333667 ప్రధాన సంఖ్యేనా? యాప్ "సెమీప్రైమ్" అందంటే అవుననే. కానీ ఒకసారి దెబ్బ తిన్నారు కాబట్టి ఈసారి ఎవరి మాటా నమ్మొద్దు. దీని వర్గమూలం 577కి కాస్త పైన. అందాకా 106 ప్రధాన సంఖ్యలున్నాయి. నూట ఆరు భాగహారాలంటే ఓపికకి పరీక్షే. ఇక్కడ ఒక దగ్గరి దారి ఉంది, చెప్పి తీరాలి.

2, 5 కాని ఏ ప్రధాన సంఖ్యనైనా తీసుకుని 1ని దాంతో భాగిస్తే ఆవర్తన దశాంశం వస్తుంది. 1/7 అయితే 142857 అనే ఆరంకెలు తిరుగుతుంటాయి. 1/37 అయితే 027 అనే మూడంకెలు. ఆ తిరిగే అంకెలు ఎన్నో, ఆ సంఖ్య ప్రధాన సంఖ్యలోంచి ఒకటి తీసేసిన దాన్ని నిశ్శేషంగా భాగిస్తుంది. 7లోంచి ఒకటి తీస్తే 6, అక్కడ ఆరంకెలు. 37లోంచి ఒకటి తీస్తే 36, అది 3తో పోతుంది. దీని వెనకున్నది ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా 1640లో ఒక ఉత్తరంలో రాసిన సిద్ధాంతం. నిరూపణ ఆ ఉత్తరంలో ఇవ్వలేదు, ఆయన అలవాటే అది.

ఇప్పుడు మన సంఖ్య దగ్గరికి రండి. 12345679 × 81 = 999999999, తొమ్మిది తొమ్మిదులు. కాబట్టి 333667 కూడా తొమ్మిది తొమ్మిదుల్ని భాగిస్తుంది. దాన్ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా ఉంటే దాని ఆవర్తనం పొడవు 9 అయినా కావాలి, 9ని భాగించే 3 లేదా 1 అయినా కావాలి. పొడవు 1 అంటే 3 ఒక్కటే. 333667 అంకెల మొత్తం 28, కాబట్టి 3తో పోదు. పొడవు 3 అంటే 999ని భాగించేది, అంటే 37. 37 × 9018 = 333666, ఒక్కటి మిగిలింది, పోదు. ఇక మిగిలింది పొడవు 9 మాత్రమే. అంటే ఆ ప్రధాన సంఖ్యలోంచి ఒకటి తీస్తే 9తో పోవాలి. ప్రధాన సంఖ్య బేసి కాబట్టి ఒకటి తీస్తే సరి, 2తోనూ పోతుంది. వెరసి 18తో పోవాలి. 577 దాకా అలాంటి ప్రధాన సంఖ్యలు ఎన్నని? 19, 37, 73, 109, 127, 163, 181, 199, 271, 307, 379, 397, 433, 487, 523, 541, 577. మొత్తం 17. అందులో 37 పని అయిపోయింది. నూట ఆరు భాగహారాలు కాస్తా పదహారయ్యాయి. నేను మొన్న కూర్చుని పదహారూ చేశాను. 163 దగ్గర ఒక్క క్షణం భయపెట్టింది, శేషం ఆరే వచ్చింది. ఒక్కటీ పోలేదు. 333667 ప్రధాన సంఖ్యే.

అంతేకాదు, దానికి ఒక ప్రత్యేకత ఉంది. 999999999ని విడగొడితే 3 నాలుగుసార్లు, 37, 333667 వస్తాయి. అంటే సరిగ్గా తొమ్మిదంకెల ఆవర్తనం ఉన్న ప్రధాన సంఖ్య ఈ ప్రపంచంలో ఇదొక్కటే. 1/333667 వేసి చూడండి: 0.000002997000002997... మీ యాప్ ఇచ్చిన పట్టీలో ఈ ముక్క ఉందని మీరు రాయలేదు. ఉండవలసింది ఇది.

ఇక ఆ పట్టీ. పేర్లన్నీ ఒకే వరసలో రాసి ఉంటే అన్నీ ఒకే బరువున్నవనిపిస్తుంది. కావు. నేనైతే ప్రతి పేరునీ రెండు ప్రశ్నలు అడుగుతాను. ఈ లక్షణం ఎన్ని సంఖ్యలకి ఉంటుంది? సంఖ్యని రాసే తీరు మారిస్తే కూడా ఉంటుందా?

రెండో ప్రశ్న కాస్త విప్పి చెప్పాలి. మనం పదేసి లెక్కపెడతాం, బహుశా పది వేళ్లున్నాయి కాబట్టి. 12345679 అనే రాత ఆ అలవాటు వల్ల వచ్చింది. కంప్యూటర్ లోపల అదే సంఖ్య 101111000110000101001111 అని ఉంటుంది. సంఖ్య ఒకటే, వేసుకున్న చొక్కా వేరు. 37తో పోవడం, పోకపోవడం ఏ చొక్కాలోనైనా ఒకటే. అంకెల మొత్తం మాత్రం చొక్కాకి సంబంధించిన సంగతి.

కాంపోజిట్ అంటే సంయుక్త సంఖ్య, అది తేలిపోయింది. సెమీప్రైమ్ అంటే సరిగ్గా రెండు ప్రధాన సంఖ్యల లబ్ధం. ఈ పేరు మాత్రం పిల్లకి చెప్పండి. మీరు 31 దగ్గర ఆగిపోయిన అనుభవమే దీని వెనకున్న పెద్ద కథ. రెండు ప్రధాన సంఖ్యల్ని గుణించడం నిమిషం పని, లబ్ధాన్ని చూసి ఆ రెంటినీ బయటికి లాగడం మహా కష్టం. 1977లో రివెస్ట్, షమీర్, ఏడల్‌మన్ అనే ముగ్గురు ఈ కష్టం మీదే ఒక రహస్య లిపి పద్ధతి కట్టారు. అప్పుడే సవాలుగా 129 అంకెల సెమీప్రైమ్ ఒకటి అచ్చులో ఇచ్చారు. దాన్ని విడగొట్టగలిగింది 1994లో, అదీ ఎందరో తమ కంప్యూటర్ల సమయం కలిపి ఇస్తే. మీకు ఎదురైంది ఎనిమిది అంకెలదే, పైగా అందులో ఒక కారణాంకం చిన్నది.

స్క్వేర్‌ఫ్రీ అంటే 1 కాకుండా ఏ వర్గంతోనూ పోని సంఖ్య. ప్రతి వంద సంఖ్యల్లో సుమారు 61 ఇలాంటివే. ఆ 61 వెనక 6ని పై (π) వర్గంతో భాగించిన విలువ ఉంది. వృత్తానికి సంబంధించిన పై ఇక్కడికెందుకొచ్చిందన్నది బ్రహ్మాండమైన ప్రశ్నేగానీ, మన సంఖ్యకి మాత్రం దీనివల్ల దక్కే గొప్పేమీ లేదు.

డెఫిషియెంట్ అనే మాట చూసి అమ్మాయి ఏమైనా అనుకుందేమో. సంఖ్యని భాగించేవాటిల్లో అదే సంఖ్యని వదిలేసి మిగతావి కలపండి: 1, 37, 333667. మొత్తం 333705. ఇది 12345679 కన్నా ఎంతో తక్కువ, అందుకే లోటు సంఖ్య అన్నారు. సరిగ్గా సమానమైతే పరిపూర్ణ సంఖ్య: 6, 28, 496, 8128 లాంటివి. ఎక్కువైతే మిగులు సంఖ్య. దాదాపు పంతొమ్మిది వందల ఏళ్ల కిందట నికోమాకస్ అనే గ్రీకు పండితుడు ఈ మూడు రకాల గురించీ రాస్తూ, లోటు సంఖ్యల్ని ఒంటికన్ను, ఒంటిచెయ్యి జీవులతో పోల్చాడు. అన్యాయం. నాలుగు సంఖ్యలు తీసుకుంటే సుమారు మూడు లోటువే. రెండు బేసి ప్రధాన సంఖ్యల్ని గుణించి ఏం తెచ్చినా లోటే వస్తుంది, ఇంకోలా రావడానికి వీల్లేదు. ఒకసారి సెమీప్రైమ్ అన్నాక, బేసి సంఖ్య కాబట్టి, డెఫిషియెంట్ అని విడిగా చెప్పనే అక్కర్లేదు.

హర్షద్ దగ్గర కాసేపు ఆగాలి. అంకెల మొత్తంతో నిశ్శేషంగా పోయే సంఖ్యకి ఆ పేరు పెట్టింది డి. ఆర్. కాప్రేకర్. మహారాష్ట్రలోని దేవలాలీలో బడిపంతులు. 6174 అనే సంఖ్య వింతని కనిపెట్టింది కూడా ఆయనే. హర్షద అంటే సంతోషాన్నిచ్చేది. మన సంఖ్య అంకెలు కలపండి: 1 నుంచి 9 దాకా మొత్తం 45, లేని 8 తీసేస్తే 37. ఆ 37తోనే సంఖ్య పోతుంది!

నేను మొదటిసారి ఇది చూసినప్పుడు లోపల ఏదో గొప్ప కారణం దాగుందనుకున్నాను. రెండు రోజులు వెతికాను. 37 కారణాంకం అవడానికి కారణం ఉంది: 111111111లో మూడు 111లు ఉన్నాయి, 111 అంటే 3 × 37. అంకెల మొత్తం 37 అవడానికీ కారణం ఉంది, ఇప్పుడే చెప్పుకున్నాం. కానీ ఈ రెండు కారణాలకీ ఒకదానితో ఒకటి సంబంధం ఉందా?

చొక్కా మార్చి చూద్దాం. ఎనిమిదేసి లెక్కపెట్టే లోకం ఒకటుందనుకోండి. అక్కడ అంకెలు 0 నుంచి 7 దాకానే. 12345679కి ఆ లోకంలో జోడీ 123457. దాన్ని 7తో గుణిస్తే అక్కడ ఏడు ఒకట్లు, 1111111, వస్తాయి. చూశారా, అక్కడా చివరి నుంచి రెండో అంకె మాయం, కాకపోతే 6. అంటే అంకె మాయమవడానికి నిజమైన కారణం ఉంది, పదేసి లెక్కతో దానికి పని లేదు. మరి అంకెల మొత్తం? 1, 2, 3, 4, 5, 7 కలిపితే మన లెక్కలో 22. ఆ 123457 మన రాతలో 42799. బేసి సంఖ్య. 22తో పోయే ప్రశ్నే లేదు. అంతెందుకు, మన 12345679నే కంప్యూటర్ రాతలో చూడండి. అందులో ఒకట్లు 13. దాన్ని 13తో భాగిస్తే 8 మిగులుతుంది. హర్షం ఆవిరి. రెండు 37లూ వేరువేరు దారుల్లో వచ్చి ఎదురుపడ్డాయి, అంతే. యాదృచ్ఛికమని తేలాక మొదట కాస్త నిరాశ పడ్డానుగానీ, అలా తేల్చుకోగలిగానన్న తృప్తే ఎక్కువ.

ఓడియస్ అంటే ఏవగింపు కలిగించేది. భయపడకండి, అది ఇంగ్లీషు మాటల చమత్కారం. రెండేసి లెక్కలో రాసినప్పుడు ఒకట్లు బేసి సంఖ్యలో ఉంటే, బేసిని ఆడ్ అంటారు కాబట్టి, ఓడియస్ అన్నారు. సరి అయితే ఈవెన్‌లోంచి ఈవిల్ తీశారు, అంటే దుష్ట సంఖ్య. మనదాంట్లో 13 కాబట్టి ఓడియస్. సంఖ్యల్లో సగం ఇవి, సగం అవి. ఒకట్లు సరా బేసా అని లెక్కపెట్టడం మాత్రం పనికొచ్చేదే. సమాచారం పంపేటప్పుడు దారిలో ఒక బిట్టు, అంటే ఒక 0 లేదా 1, తిరగబడిందా అని కనిపెట్టడానికి వాడే పారిటీ బిట్టు చేసేది ఇదే.

హ్యాపీ కాదన్న దానికి చిన్నబుచ్చుకోనక్కర్లేదు. అంకెల వర్గాలు కలుపుతూ పోతే చివరికి 1 వస్తే హ్యాపీ. మనది 221, 9, 81, 65, 61, 37, 58, 89, 145, 42, 20, 4, 16, మళ్లీ 37. అక్కడ్నుంచి ఆ గుండ్రంలోనే తిరుగుతుంటుంది. 1000 దాకా హ్యాపీ సంఖ్యలు 143. ప్రయాణంలో పొద్దుపోవడానికి బాగుంటుంది. ఆ 37 మళ్లీ ఎందుకొచ్చిందని మాత్రం నన్ను అడగకండి. హ్యాపీ కాని ప్రతి సంఖ్యా ఆ గుండ్రంలోనే పడుతుంది, గుండ్రంలో 37 ఉంది, అంతకు మించి అందులో ఏమీ లేదు.

పట్టీ మీరు రాసినట్టే ఉంటే, దానిలో లేనిది ఒకటి చెబుతాను. నన్నడిగితే మొదటి వరసలో రాయవలసింది ఇదే. ఏ సంఖ్యనైనా నాలుగు వర్గాల మొత్తంగా రాయవచ్చని 1770లో లగ్రాంజ్ అనే గణితజ్ఞుడు నిరూపించాడు, కావలిస్తే 0 వర్గాన్ని కూడా వాడుకోవచ్చు. చాలా సంఖ్యలకి మూడే సరిపోతాయి, కొన్నిటికి రెండు. 12345679కి నాలుగూ కావాలి. ఎలా తెలిసిందంటారా? ఏ వర్గాన్నైనా 8తో భాగిస్తే శేషం 0, 1, 4లలో ఒకటే వస్తుంది. అమ్మాయిని 1 నుంచి 8 దాకా వర్గాలు వేసి చూడమనండి, అంతకు మించి చూడాల్సిన పని లేదు. ఈ 0, 1, 4లలోంచి ఏ మూడిటిని కలిపినా, అదే రెండోసారి వాడుకున్నా, 8తో భాగిస్తే శేషం 7 రాదు. మన సంఖ్యలో చివరి మూడంకెలు 679ని 8తో భాగిస్తే 7 మిగులుతుంది. కాబట్టి మూడు వర్గాలు చాలవు. నాలుగైతే ఇదిగో: 3513, 63, 21, 10ల వర్గాలు. 12341169, 3969, 441, 100. కలిపి చూసుకోండి. 3513 అంటే మన వర్గమూలం దగ్గర తగిలిన సంఖ్యే. అది తీసేస్తే 4510 మిగిలింది, దాంతో ఒక సాయంత్రం గడిచింది. ఈ లక్షణం ఏ చొక్కాలోనైనా ఇలాగే ఉంటుంది. పైగా ప్రతి ఎనిమిది సంఖ్యల్లో ఏడింటికి శేషం 7 రానే రాదు.

ఇక మీరు అడగకపోయినా ఒక మాట. "ప్రధాన సంఖ్య కాబట్టి 8 లేదు" అన్న మీ జవాబు, సంఖ్య నిజంగా ప్రధాన సంఖ్యే అయినా తప్పే అయ్యేది, ఎందుకంటే రెంటికీ సంబంధం లేదు. ఇది అమ్మాయికి చెప్పేయండి. తొమ్మిదో తరగతి పిల్లకి ఆ పాటికి తెలిసే ఉంటుంది, మీ నోట వినాలని చూస్తోందంతే.

చెప్పాక బదులు తీర్చుకోవడానికి ఒక ఆట ఇస్తున్నాను. 12345679ని 80 లోపు ఏదైనా సంఖ్యతో గుణించమనండి, 3తో పోయేది మాత్రం వద్దనండి. ఏ సంఖ్యతో గుణించిందో మీకు చెబితే చాలు, జవాబులో ఏ అంకె ఉండదో చూడకుండా చెప్పేయవచ్చు. గుణించిన సంఖ్యని 9తో భాగించి శేషం చూసి, దాన్ని 9లోంచి తీసేయండి. అంతే. 2తో గుణిస్తే 24691358, 7 లేదు. 5తో గుణిస్తే 61728395, 4 లేదు. 79 అందనుకోండి, 9తో భాగిస్తే శేషం 7, కాబట్టి 2 లేదనండి. జవాబు 975308641. జవాబు ఎనిమిదంకెలే వస్తే ముందు ఒక 0 ఉందనుకోవాలి, అది ముందే చెప్పి పెట్టుకోండి, లేకపోతే గొడవ. రహస్యం అంకెల మొత్తంలో ఉంది: 0 నుంచి 9 దాకా అన్నీ కలిపితే 45, అది 9తో పోతుంది, మన సంఖ్యని 9తో భాగిస్తే 1 మిగులుతుంది. మిగతాది అమ్మాయి చూసుకుంటుంది.

మాట వినకుండా 3తోనే గుణిస్తే జవాబు 37037037. మీరు ఆ రాత్రి ఏ సంఖ్య ముందు ఆగిపోయారో అది మూడుసార్లు కనబడుతుంది.